పొగ గొట్టం చెప్పే మాట



బస్సు బోర్డు చదవడం మనకు వచ్చింది. రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం చదవడం వచ్చింది. ఈ పాఠంలో ఒక బండి సంగతి చదువుకుందాం. పెట్రోలుతో నడిచే పాత వ్యాను సంగతి.

"బండి పని మగవాళ్లు చూసుకుంటారు. మనకెందుకమ్మా?" అని మీలో ఒకరు అనవచ్చు. సరే. ఆ బండి కొన్న అప్పు ఎవరి పేరున ఉంది? చాలా ఇళ్లలో పొదుపు సంఘంలో, ఆడమనిషి పేరునే ఉంటుంది. నెల తిరిగేసరికి వాయిదా కట్టేది ఆమే. షెడ్డులో రాసిన చీటీకి డబ్బు వచ్చేది కూడా ఆమె దాచిన దాంట్లోంచే. అప్పు మనదైనప్పుడు ఆ చీటీ కూడా మనమే చదవాలి గదా!

ఒక ఇంటి సంగతి అనుకుందాం.

ఆ ఇంట్లో ఒక ఈకో వ్యాను ఉంది. 2014లో తయారైన బండి. సెకండ్ హ్యాండులో కొన్నారు. పొద్దున బడి పిల్లల్ని దించుతుంది. ఆ తర్వాత సంతకు, ఆసుపత్రికి, పెళ్లిళ్లకు బాడుగకు పోతుంది. రోజుకు 90 కిలోమీటర్లు తిరుగుతుంది. ఇంటాయన నడుపుతాడు. ఇల్లాలు లెక్క రాస్తుంది.

కొన్నాళ్లుగా స్టీరింగు వెనుక ఒక పసుపు రంగు దీపం వెలుగుతోంది. ఆ దీపం మీద ఇంజను బొమ్మ ఉంటుంది. "బండి నడుస్తోంది గదా, పోనీలే" అన్నాడు ఆయన. ఆమె నోటు పుస్తకం మాత్రం వేరే మాట చెప్పింది.

మీరూ పలక తీసుకోండి. లెక్క వెయ్యండి.

ముందు లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చేది. 90 కిలోమీటర్లకు 6 లీటర్లు చాలేవి. ఇప్పుడు లీటరుకు 12 కిలోమీటర్లే వస్తోంది. 90 కిలోమీటర్లకు ఏడున్నర లీటర్లు కావాలి. అంటే రోజుకు లీటరున్నర ఎక్కువ. లీటరు 110 రూపాయలు అనుకుంటే, రోజుకు 165 రూపాయలు. నెలలో 25 రోజులు బండి తిరిగితే 4,125 రూపాయలు.

నెలకు 4,125 రూపాయలు పొగలో కలిసి పోతున్నాయి. ఒక వాయిదా డబ్బు అది.

ఆమె పట్టుబట్టి బండిని షెడ్డుకు తీసుకుపోయింది. మెకానిక్కు చిన్న పెట్టె లాంటి స్కానరు తెచ్చాడు. స్టీరింగు కింద తగిలించాడు. చూశాడు.

"అక్కా, కన్వర్టర్ పోయింది. కొత్తది వెయ్యాలి. 35 వేలు అవుద్ది."

"అంత డబ్బా! వేరే దారి లేదా తమ్ముడూ?"

"ఉంది. అది కోసేసి, ఖాళీ గొట్టం పెట్టి వెల్డింగు చేస్తా. 2 వేలు ఇవ్వు చాలు."

ఈ రెండు మాటల్లో దేనికీ ఆమె అప్పుడే సరే అనకూడదు. ఎందుకో చూద్దాం.

ఇంజను కూడా ఒక పొయ్యే

కట్టెల పొయ్యికి గాలి చాలకపోతే ఏమవుతుంది? పొగ వస్తుంది. కళ్లు మండుతాయి. ఊదుగొట్టం తీసుకుని ఊదుతాం. గాలి తగలగానే మంట లేస్తుంది. గ్యాసు పొయ్యి కూడా అంతే. గాలి పోయే దారిలో మురికి చేరితే నీలం మంట పసుపు మంట అవుతుంది. గిన్నె అడుగు మసి పడుతుంది. గ్యాసు మాత్రం త్వరగా అయిపోతుంది.

ఇంజనులో మండేది పెట్రోలు. కిలో పెట్రోలు బాగా మండాలంటే దాదాపు 14 కిలోల 700 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు అంతకంటె కాస్త తక్కువ చాలు. గాలికి కూడా తూకమా అని నవ్వకండి. గాలికీ బరువు ఉంది.

ఈ పాళ్లు ఎవరు చూస్తారు? బండిలో ఒక చిన్న కంప్యూటరు ఉంది. ఎంత పెట్రోలు చిమ్మాలో అది చెబుతుంది. కాని ఇంజను లోపల ఎట్లా మండిందో దానికి కనపడదు. బయటికి వచ్చే పొగను చూసి కబురు చెప్పేది ఒకటి కావాలి. అదే ఆక్సిజన్ సెన్సర్.

ఇది బొటనవేలంత ఉంటుంది. పొగ గొట్టానికి మర బిగించి ఉంటుంది. పొగలో ఆక్సిజన్, అంటే ప్రాణవాయువు, ఎంత మిగిలిందో చూస్తుంది. ప్రాణవాయువు మిగల్లేదంటే పెట్రోలు ఎక్కువైనట్టు. బాగా మిగిలిందంటే పెట్రోలు తక్కువైనట్టు. పెళ్లి వంటలో కూర రుచి చూసి "ఉప్పు చాల్లేదు", "ఉప్పు ఎక్కువైంది" అని చెప్పే మనిషి ఉంటుంది చూడండి, అట్లా అన్నమాట.

మరి ఆ మనిషికి జ్వరం వచ్చి నాలుక చచ్చిందనుకోండి? ఎంత ఉప్పు వేసినా "చాల్లేదు, ఇంకా వెయ్యి" అంటుంది. వంటవాడు నమ్మి వేస్తూనే ఉంటాడు. చివరికి కూర నోట పెట్టుకోలేం. పాడైన సెన్సరు చేసే పని కూడా ఇదే. "పెట్రోలు చాల్లేదు, చాల్లేదు" అంటుంది. కంప్యూటరు నమ్ముతుంది. పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

తేనెపట్టు పెట్టె

సెన్సరు దాటాక పొగ ఒక ఇనుప పెట్టెలోకి పోతుంది. దీని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. షెడ్డుల్లో కన్వర్టర్ అంటారు, కొందరు క్యాట్ అంటారు. బయటికి చిన్న సైలెన్సరులాగే కనపడుతుంది. లోపల పింగాణీతో చేసిన తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. ఆ సన్నని గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాలు పూతలాగా పూస్తారు. ఇవి చాలా ఖరీదైన లోహాలు. కన్వర్టర్ ధర అంత ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా. పాతదాన్ని ఊరికే వదిలెయ్యకూడదని కూడా తెలిసింది.

పొగలో ఉండే విషవాయువులు ఈ తేనెపట్టులో వేడికి మారిపోతాయి. కార్బన్ మోనాక్సైడ్ అనేది వాసన లేని విషం. మూసిన గదిలో దాన్ని పీలిస్తే మనిషి నిద్రలోనే ప్రాణం పోతుంది. కన్వర్టర్ దాన్ని కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని కూడా కాలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడులను మామూలు నైట్రోజనుగా మారుస్తుంది. ఇంజను చల్లగా ఉంటే ఈ పని జరగదు. పెట్టె 250, 300 డిగ్రీలు వేడెక్కాలి. అందుకని కన్వర్టర్ బాగున్నా సరే, మూసిన షెడ్డులో ఇంజను వేసి ఉంచకండి. ఇంజను నడుస్తున్న బండిలో పిల్లల్ని పడుకోబెట్టకండి.

మన దేశంలో ఈ పెట్టె 1995 ఏప్రిల్ నుంచి వచ్చింది. ముందు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. అప్పట్లో పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం తగిలితే ఈ పూత పాడవుతుంది. అందుకని సీసం లేని పెట్రోలు తెచ్చారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు.

మన ఈకో లాంటి బండికి రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి కన్వర్టర్ ముందు, ఒకటి కన్వర్టర్ తర్వాత. ముందుది పెట్రోలు పాళ్లు చూస్తుంది. వెనకది కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని చూస్తుంది. ఇంకా పాత బండ్లకు ఒకటే ఉంటుంది. కార్బురేటరు బండ్లలో చాలావాటికి ఒకటి కూడా ఉండదు. డీజిల్ బండ్ల సంగతి పూర్తిగా వేరు. ఈ పాఠం వాటికి పనికిరాదు.

ఒక ముఖ్యమైన మాట. కన్వర్టర్ తనంతట తాను పాడవడం తక్కువ. ఎక్కువసార్లు ఇంకేదో దాన్ని పాడుచేస్తుంది. పెట్రోలు ఎక్కువై మసి పట్టవచ్చు. ప్లగ్గు మండక పచ్చి పెట్రోలు వచ్చి, కన్వర్టర్లో మండి, తేనెపట్టు కరిగిపోవచ్చు. ఇంజను ఆయిలు తాగుతూ ఉంటే ఆ ఆయిలు పూతకు పట్టవచ్చు. అసలు కారణం వదిలేసి 35 వేలు పెట్టి కొత్తది వేస్తే, కొన్నాళ్లకు అదీ పోతుంది. పైకప్పు కారుతుంటే కింద చాప మార్చినట్టు.

అంకెలు చదవండి

మళ్లీ షెడ్డుకు పోదాం.

"తమ్ముడూ, ఆ పెట్టె మీద ఏం పడిందో నాకొకసారి చూపించు" అంది ఆమె.

అతను చూపించాడు. రెండు వరసలు ఉన్నాయి. ప్రతి వరస మొదట ఒక ఇంగ్లీషు అక్షరం ఉంది. దాన్ని పి అంటారు. ఆ అక్షరం మీకు రాకపోయినా ఇబ్బంది లేదు. తర్వాత ఉన్నవి అంకెలు. అంకెలు మీకు వచ్చు.

ఒక వరస: పి 0420. రెండో వరస: పి 0171.

మెకానిక్కు మొదటిది ఒకటే చెప్పాడు. రెండోది చెప్పలేదు. కావాలని దాచాడని అనలేం. 0420 చూడగానే కన్వర్టర్ అనడం చాలామందికి అలవాటు. 0420 అంటే కన్వర్టర్ పని తగ్గినట్టు కంప్యూటరుకు అనుమానం వచ్చిందని అర్థం. అనుమానమే సుమా. కన్వర్టర్ మార్చమని ఆ అంకెల్లో ఎక్కడా లేదు.

0171 అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని కంప్యూటరు అనుకుంటోంది. 0172 అయితే పెట్రోలు ఎక్కువ. 0300 అంటే ప్లగ్గులు సరిగా మండడం లేదు. 0301, 0302, 0303, 0304 అయితే చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది. 0135 అంటే ముందు సెన్సరు లోపలి వేడి తీగ సంగతి. 0141 అంటే వెనక సెన్సరు వేడి తీగ సంగతి. ఇవన్నీ కంఠతా పట్టక్కర్లేదు. పుస్తకంలో రాసుకోండి. షెడ్డుకు పోయినప్పుడు పడిన అంకెలన్నీ రాసుకుని రండి. చెరిపేసే ముందే రాసుకోవాలి. చెరిపేశాక ఏం ఉందో ఎవరికీ తెలియదు.

0420తో పాటు ఇంకో నంబరు ఉంటే ఆ రెండోదాని పని ముందు చూడాలి. నేను మెకానిక్కును కాదు, బడిలో చెప్పుకునేదాన్ని. అయినా ఈ ఒక్క మాట గట్టిగా చెబుతాను. దీనివల్లే చాలా డబ్బు మిగులుతుంది.

ఇంకో సంగతి. ఇంజను బొమ్మ దీపం నిలకడగా వెలిగితే నిదానంగా షెడ్డుకు పోవచ్చు. అదే దీపం టపటపా ఆరుతూ వెలుగుతూ ఉంటే పచ్చి పెట్రోలు కన్వర్టర్లోకి పోతోందని అర్థం. వేగం తగ్గించాలి. బరువు ఎక్కించకూడదు. దగ్గర్లో ఆపాలి.

ఇద్దరు సాక్షులు, రెండు మాటలు

ఇప్పుడు మన బండి సంగతి తేల్చుదాం. కంప్యూటరు ఏమంటోంది? పెట్రోలు తక్కువ అంటోంది. కాని ఆమె లెక్క ఏమంటోంది? పెట్రోలు ఎక్కువ తాగుతోంది అంటోంది. ఇద్దరిలో ఎవరిది నిజం?

మూడో సాక్షిని అడగాలి. ఆ సాక్షి స్పార్క్ ప్లగ్గు. ఈకో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. నాలుగు ప్లగ్గులు. ఇంజను చల్లారాక విప్పించి చూడండి. ప్లగ్గు మొన బిస్కెట్టు రంగులో ఉంటే మంట బాగుంది. తెల్లగా మాడినట్టు ఉంటే నిజంగానే పెట్రోలు తక్కువ. ఆయిలుతో తడిగా, నల్లగా ఉంటే ఇంజను ఆయిలు తాగుతోంది. పొడి మసితో, కుంపటి అడుగులా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ.

ఆమె చూసింది. నాలుగూ పొడి మసితో నల్లగా ఉన్నాయి.

అంటే పెట్రోలు ఎక్కువే పోతోంది. కంప్యూటరుకు మాత్రం తక్కువని కబురు అందుతోంది. ఆ కబురు మోసేది ముందు సెన్సరే. నాలుక చచ్చిన మనిషి దొరికింది!

అయినా వెంటనే సెన్సరు కొనకండి. సెన్సరు మంచిదే అయి, దానికి బయటి గాలి తగులుతూ ఉండవచ్చు. ఇంజనుకూ సెన్సరుకూ మధ్య గొట్టం అతుకు దగ్గర సందు ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది. ఆ గాలిలో ప్రాణవాయువు ఉంది. సెన్సరు దాన్ని చూసి "పెట్రోలు చాల్లేదు" అంటుంది. పాపం, అది చూసిందే చెప్పింది. అప్పుడు మార్చాల్సింది సెన్సరును కాదు, అతుకు దగ్గరి గ్యాస్కెట్టును. దాని ఖర్చు చాలా తక్కువ. ఎట్లా తెలుస్తుంది? అతుకు చుట్టూ నల్లటి మసి చార ఉంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను వేస్తే టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది. వేడెక్కితే ఇనుము పొంగి సందు మూసుకుని ఆ చప్పుడు తగ్గవచ్చు. కాబట్టి పొద్దున్నే వినాలి. గొట్టం మీద చెయ్యి మాత్రం పెట్టకండి.

మన బండికి మసి చార లేదు. చప్పుడు లేదు. అప్పుడు సెన్సరునే పరీక్ష చెయ్యాలి.

సెన్సరు చాలా కొంచెం కరెంటు పుట్టిస్తుంది. ఒక వోల్టు కూడా ఉండదు. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గరికి పోతుంది. తక్కువైతే 0.1 దగ్గరికి దిగుతుంది. వేడెక్కిన ఇంజను మీద ముందు సెన్సరు ఒక చోట నిలవదు. ఉయ్యాల ఊగినట్టు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. పది సెకన్లలో చాలాసార్లు ఊగాలి. స్కానరు మీద ఈ అంకె కనపడుతుంది. లేదంటే డిజిటల్ మీటరుతో చూడవచ్చు. ముల్లు మీటరు దీనికి పనికిరాదు.

మెకానిక్కు ఇంజనును పావుగంట నడిపి వేడి చేశాడు. అంకె 0.1 దగ్గర ఆగిపోయి ఉంది. ఒక్కసారి యాక్సిలేటరు గట్టిగా తొక్కాడు. పెట్రోలు ఎక్కువ పడగానే మంచి సెన్సరు 0.8 దాకా ఎగరాలి. ఇది కదల్లేదు. వైరు తెగిందేమో, ఎలుక కొరికిందేమో అని కూడా చూశాడు. వైరు బాగానే ఉంది.

"సెన్సరు చచ్చిందక్కా" అన్నాడు.

సెన్సరు ఊరికే రాదు, కొన్ని వేలు అవుతుంది. కాని కన్వర్టర్ ధరతో చూస్తే అది చాలా తక్కువ. కొత్తది బిగించేటప్పుడు దాని మొనకు గ్రీజు, ఆయిలు తగలకూడదు. దగ్గరి అతుకులకు మామూలు సిలికాన్ పేస్టు పూయనివ్వకండి. ఆ ఆవిరి సెన్సరును పాడుచేస్తుంది. సెన్సర్లకు పనికివచ్చే పేస్టు వేరే ఉంటుంది. కల్తీ పెట్రోలు కూడా సెన్సరుకు, కన్వర్టరుకు రెండింటికీ చెరుపే.

పొల్యూషన్ చీటీ

మనం బండి అద్దానికి అంటించి మరిచిపోయే కాగితం ఒకటి ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్టు. పోలీసు అడిగితే చూపించడానికే అనుకుంటాం. నిజానికి అది బండికి చేసిన మూత్ర పరీక్ష లాంటిది. అందులో అంకెలు ఉంటాయి.

సీఓ అని ఉన్న చోట కార్బన్ మోనాక్సైడ్ ఎంతో ఉంటుంది. మన 2014 బండి భారత్ స్టేజ్ 4 రకం. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు సీఓ 0.3 శాతం దాటకూడదు. హెచ్‌సీ అంటే కాలని పెట్రోలు ఆవిరి. అది 200 దాటకూడదు. ఇంజనును నిమిషానికి 2,500 చుట్లు తిప్పినప్పుడు సీఓ 0.2 దాటకూడదు. పక్కన లాంబ్డా అని ఇంకో అంకె ఉంటుంది. అది 1 దగ్గర ఉండాలి. 0.97 నుంచి 1.03 లోపల ఉంటే మంచిది.

లాంబ్డా 1 కంటె తగ్గితే పెట్రోలు ఎక్కువ. 1 కంటె పెరిగితే గాలి ఎక్కువ, లేదా గొట్టానికి ఎక్కడో చిల్లు ఉంది. కన్వర్టర్ మంచిదైనా చెడ్డదైనా లాంబ్డా దాదాపు మారదు. ఇది గుర్తు పెట్టుకోండి. సీఓ పెరిగి, లాంబ్డా తగ్గితే తప్పు పెట్రోలు పాళ్లలో ఉంది. ముందు అది సరిచెయ్యాలి. లాంబ్డా 1 దగ్గరే ఉండి, సీఓ మాత్రం ఎక్కువ ఉంటే అప్పుడు కన్వర్టర్ మీద అనుమానం పడాలి.

మన బండికి సెన్సరు మార్చకముందు సీఓ 1.8, లాంబ్డా 0.93 వచ్చిందనుకుందాం. మీరే చెప్పండి, తప్పు ఎక్కడ?

కన్వర్టర్ నిజంగా పోతే

సెన్సరు మార్చాక పాత నంబర్లు చెరిపించాలి. బండిని వారం పది రోజులు తిప్పాలి. కన్వర్టరుకు పట్టింది మసి ఒకటే అయితే, మంచి వేడికి అది కాలిపోతుంది. దీపం మళ్లీ రాకపోవచ్చు. 0420 ఒక్కటే మళ్లీ వచ్చిందంటే అప్పుడు కన్వర్టరునే చూడాలి.

బాగున్న కన్వర్టర్ తర్వాత వెనక సెన్సరు అంకె ఊగదు. 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. ముందు సెన్సరు ఊగినట్టే వెనకదీ ఊగుతుంటే తేనెపట్టు పని మానేసినట్టు. ఇది స్కానరులో పక్కపక్కన చూడవచ్చు. చూపించమని అడగండి. చూపించలేనివాడు కన్వర్టర్ మార్చమంటే నేనైతే ఒప్పుకోను.

ఇంజను చల్లారాక పెట్టెను అరచేత్తో తట్టి చూడండి. ఎండు సొరకాయ బుర్రలో గింజల్లా గలగలమంటే లోపల పింగాణీ పగిలింది. ఒక్కోసారి ఆ ముక్కలు దారికి అడ్డం పడతాయి. అప్పుడు బండి ఎత్తు ఎక్కదు. యాక్సిలేటరు తొక్కినా లాగదు. వేడెక్కితే ఆగిపోతుంది. రాత్రిపూట పెట్టె ఎర్రగా కాలి కనపడవచ్చు. మెకానిక్కు ముందు సెన్సరు విప్పి ఆ రంధ్రంలో ప్రెషరు గేజి పెట్టి చూస్తే తేలిపోతుంది. 2,500 చుట్ల మీద 3 పి.ఎస్.ఐ. దాటితే దారి మూసుకుందని లెక్క. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది పెట్రోలులోని గంధకం సంగతి. పెట్రోలు ఎక్కువై కన్వర్టర్ మీద భారం పడినప్పుడు ఆ వాసన తెలుస్తుంది. ఆ వాసన ఒక్కటే చూసి కన్వర్టర్ మార్చకూడదు.

కొత్తది వెయ్యక తప్పకపోతే మూడు ధరలు కనుక్కోండి. పాతదాన్ని మాత్రం షెడ్డులో వదలకండి. అందులో ప్లాటినం ఉంది. దాన్ని కొనేవాళ్లు ఉంటారు. "పాత సామానుకు ఎంత తగ్గిస్తావు?" అని ముందే అడిగి, ఆ అంకె చీటీలో రాయించుకోండి.

కోసేసి ఖాళీ గొట్టం పెడతానన్న మాట ఉంది గదా. 2 వేలతో పోతుందని ఆశ పుడుతుంది. కాని అసలు తప్పు సెన్సరుది. అది అట్లాగే ఉంటుంది. నెలకు 4,125 రూపాయలు పోతూనే ఉంటాయి. పొల్యూషన్ పరీక్షలో సీఓ నిలవదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హద్దు మించి పొగ వదిలితే 10 వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు ఆపవచ్చు. ఆ బండి వెనక సీట్లలో కూర్చునేది బడి పిల్లలు.

మన పల్లెల్లో ఇంకో భయం ఉంది. కోతల రోజుల్లో రోడ్డు మీద వరి పనలు, కంది కట్టె పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. కన్వర్టర్ బాగున్నా కూడా నడిచేటప్పుడు 400 డిగ్రీలు దాటి వేడిగా ఉంటుంది. పెట్రోలు ఎక్కువైనా, ప్లగ్గు మండకపోయినా ఇంకా కాలుతుంది. గడ్డి దానికి చుట్టుకుంటే నిప్పు అంటుకుంటుంది. గడ్డివామి పక్కన, ఎండు గడ్డి మీద బండి నిలపనివ్వకండి. గడ్డి మీదుగా రావలసి వస్తే, దిగి కింద చూసి, చుట్టుకున్న పరకలు కర్రతో లాగెయ్యమనండి.

కలిసి చెయ్యండి

1. ఒక వ్యాను 96 కిలోమీటర్లు తిరిగింది. 8 లీటర్ల పెట్రోలు పోశారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది? అదే వ్యాను ముందు లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చేది. 96 కిలోమీటర్లకు అప్పుడు ఎన్ని లీటర్లు పట్టేది? ఇప్పుడు ఎన్ని లీటర్లు ఎక్కువ పోతోంది?

2. ఒక బండి స్కానరు మీద పి 0420, పి 0302 అని పడింది. ముందు ఏ నంబరు పని చూడాలి? ఏ సిలిండరు ప్లగ్గు విప్పాలి?

3. ఒక పొల్యూషన్ చీటీలో 2,500 చుట్ల దగ్గర సీఓ 0.9, లాంబ్డా 1.00 అని ఉంది. ఇంకో చీటీలో సీఓ 2.1, లాంబ్డా 0.92 అని ఉంది. ఏ బండికి కన్వర్టర్ మీద అనుమానం పడాలి? ఏ బండికి ముందు సెన్సరు చూడాలి?

4. మీ ఊళ్లో ఎవరి వ్యాను పొల్యూషన్ చీటీ అయినా రేపు కేంద్రానికి తీసుకురండి. సీఓ ఎంతో, లాంబ్డా ఎంతో చదివి పలక మీద రాయండి.